ఈబే పేమెంట్ డిస్ప్యూట్: ఫైల్ ఐడీ వచ్చినా ఎవిడెన్స్ ఎందుకు ఖాళీగా ఉంటుంది?

ఈబే ఏపీఐ (మన ప్రోగ్రామ్ ఈబేతో నేరుగా మాట్లాడే దారి) ద్వారా పేమెంట్ డిస్ప్యూట్‌కి, అంటే కొన్నవాళ్లు తమ బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగిన కేసుకి, ఎవిడెన్స్ (ఆధారం) ఫైల్ పంపితే ఒకసారి 400 ఎర్రర్ (పంపిన రిక్వెస్ట్ సరిగా లేదని సర్వర్ ఇచ్చే కోడ్) వస్తోందని, ఇంకోసారి ఫైల్ ఐడీ వచ్చినా డిస్ప్యూట్‌లో ఎవిడెన్స్ ఖాళీగానే ఉందని అడిగారు. ఈ రెండూ నాకు ఎదురైనవే, కారణాలు వేరు వేరు. రెండోది ముందు చెప్తాను, డబ్బు పోయే ప్రమాదం దాంట్లోనే ఉంది.

మా అక్క కలంకారీ దుపట్టాలు ఈబేలో పెట్టి అమెరికాకి పంపిస్తుంది. ఆర్డర్లు చూసుకోవడానికి నేను పైథాన్‌లో చిన్న టూల్ రాసిచ్చాను. ఒకసారి కొన్నావిడ పార్సిల్ అందలేదని తన బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగింది. "డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో కనపడుతూనే ఉంది కదరా, అది పంపించు" అంది అక్క. స్క్రీన్‌షాట్ అప్‌లోడ్ చేశాను, ఫైల్ ఐడీ వచ్చింది, పనైపోయిందని చెప్పేశాను.

గడువు రోజు పొద్దున ఎందుకో మనసాగక డిస్ప్యూట్ వివరాలు తెప్పించి చూస్తే ఎవిడెన్స్ దగ్గర ఏమీ లేదు. గడువు 07:00 అని ఉంది, అప్పటికి నా ఫోన్‌లో తొమ్మిది దాటింది. చేతులు చల్లబడ్డాయి. అప్పుడు కంటపడింది టైమ్ చివర్లో ఉన్న జెడ్ అక్షరం. అది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మన టైమ్‌లో మధ్యాహ్నం 12:30 అన్నమాట. ఆ మూడు గంటల్లో నేర్చుకున్నదే మీకు రాస్తున్నాను.

అప్‌లోడ్ ఎవిడెన్స్ ఫైల్ అనే కాల్ (ఏపీఐకి పంపే ఒక అభ్యర్థన) ఫైల్‌ని సర్వర్‌లో పెట్టి ఐడీ ఇస్తుంది, అంతే. దాన్ని డిస్ప్యూట్‌కి తగిలించేది యాడ్ ఎవిడెన్స్ కాల్. అందులో ఆ ఐడీతో పాటు అది ఏ రకం ఆధారమో చెప్పాలి: డెలివరీకి రుజువా, ట్రాకింగ్ సమాచారమా, వస్తువు అసలైనదనడానికి రుజువా అని. అప్పుడు ఎవిడెన్స్ ఐడీ వస్తుంది. తర్వాత ఇంకో ఫొటో దానికే చేర్చాలంటే అప్‌డేట్ ఎవిడెన్స్ వాడండి. అన్నీ చేరాక, మళ్లీ ఒకసారి డిస్ప్యూట్ తెప్పించుకుని కళ్లారా చూసుకున్నాకే కాంటెస్ట్ చేయండి, అంటే కొన్నవాళ్ల వాదన ఒప్పుకోవట్లేదని ఈబేకి చెప్పే కాల్ పంపండి. కాంటెస్ట్ చేశాక ఇక ఆధారాలు చేర్చడం కుదరదు. కాంటెస్ట్ కాల్‌లో రివిజన్ నంబర్ (డిస్ప్యూట్‌లో ఏదైనా మారినప్పుడల్లా పెరిగే నంబర్) కూడా పంపాలి, అది అప్పుడే తెప్పించుకున్న డిస్ప్యూట్ వివరాల్లోంచే తీసుకోండి.

ఇక 400 సంగతి. ఈ అప్‌లోడ్ మల్టీపార్ట్ ఫార్మ్ డేటాగా, అంటే భాగాలుగా విడదీసి పంపే పద్ధతిలో, వెళ్లాలి. చాలామంది కంటెంట్-టైప్ హెడర్‌ని (పంపేది ఏ రకం డేటానో సర్వర్‌కి చెప్పే లైన్) చేత్తో రాసేస్తారు. అలా రాస్తే అందులో బౌండరీ (భాగాల మధ్య హద్దు చెప్పే గుర్తు) ఉండదు, ఫైల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సర్వర్‌కి తెలియదు. నా టూల్‌లో ఇంకో పొరపాటు: సెషన్ మొత్తానికీ, అంటే టూల్ పంపే కాల్స్ అన్నిటికీ, జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) అని హెడర్ పెట్టుకున్నాను, అదే అప్‌లోడ్‌కి కూడా అంటుకుంది. ఆ ఒక్క కాల్‌కి కంటెంట్-టైప్‌ని నన్ (పైథాన్‌లో None, అంటే ఏమీ లేదు) అని పెట్టి, ఫైల్‌ని బైనరీగా తెరిచి ఫైల్స్ పారామీటర్‌లో ఇస్తే పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ బౌండరీతో సహా తనే రాసుకుంటుంది. పోస్ట్‌మ్యాన్ (ఏపీఐ కాల్స్ పరీక్షించే యాప్) వాడుతున్నా అంతే, ఆ హెడర్ మీరు పెట్టకండి. హోస్ట్ పేరు, అంటే కాల్ వెళ్లే సర్వర్ అడ్రస్, కూడా చూసుకోండి. ఈ డిస్ప్యూట్ కాల్స్‌కి api అని కాకుండా, పక్కన జెడ్ కూడా చేరి apiz అని మొదలయ్యే అడ్రస్ వాడాలి. టోకెన్‌కి (ఏపీఐ వాడటానికి తాళంచెవి లాంటిది) పేమెంట్ డిస్ప్యూట్ స్కోప్, అంటే ఆ పనికి అనుమతి, విడిగా ఉండాలి.

ఫైల్ జేపెగ్ గానీ పీఎన్‌జీ గానీ అయ్యుండాలి, 1.5 ఎంబీ దాటకూడదు. పీడీఎఫ్ తీసుకోదు. కొరియర్ రసీదు పీడీఎఫ్‌లో ఉంటే పేజీని బొమ్మగా మార్చుకోవాలి. ఐఫోన్ హెచ్ఈఐసీ ఫొటోకి పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన అది జేపెగ్ అవదు, నిజంగా కన్వర్ట్ చేయాలి.

సైజు తగ్గించేటప్పుడు కాస్త ఓపిక పట్టండి, దయచేసి. నేను మొదట ట్రాకింగ్ పేజీ మొత్తాన్ని కుదించేశాను. తెరిచి చూస్తే తేదీలో 3 ఉందో 8 ఉందో నాకే అర్థం కాలేదు. ఆ బొమ్మ చూసి నిర్ణయం తీసుకునే మనిషికి మన కష్టం తెలియదు, కనపడేదే తెలుస్తుంది. పేజీని కుదించే బదులు కత్తిరించాను: ట్రాకింగ్ నంబర్, డెలివరీ తేదీ, ఊరు, జిప్ కోడ్ ఉన్న ముక్క ఒక్కటే. 300 కేబీ కూడా కాలేదు, ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది. రెండో ఫైల్‌గా బుకింగ్ రసీదు పెట్టాను, రెండింటిలోనూ ట్రాకింగ్ నంబర్ ఒకటే అని తెలిసేలా.

పన్నెండింటికి కాంటెస్ట్ పంపితే నా ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. మళ్లీ టెన్షన్. తీరా చూస్తే వచ్చింది 204, అంటే పని జరిగింది, బాడీ (జవాబులో డేటా ఉండే భాగం) మాత్రం ఖాళీ. ఖాళీ బాడీని జేసన్‌గా చదవబోయి నా కోడే పడిపోయింది. ఆ డిస్ప్యూట్ చివరికి అక్క వైపే తేలింది.

ఇవన్నీ సరిచూశాక కూడా 400 వస్తుంటే, రెస్పాన్స్‌లో ఉన్న ఎర్రర్ ఐడీ, మెసేజ్ రెండూ ఇక్కడ పెట్టండి. టోకెన్, కొన్నవాళ్ల పేరు, అడ్రస్ మాత్రం తీసేసి పెట్టండి.