నడుము నొప్పి ఒక్కటే చూసి నెలలు లెక్కపెట్టకు

చిట్టితల్లీ,

నాలుగు రోజులుగా నడుము లాగుతోంది, నెలసరి తేదీ దగ్గరపడింది, ఇది కడుపేనా అని అడిగావు. కావచ్చు, కాకపోనూవచ్చు. నడుము నొప్పిని బట్టి ఎవరూ తేల్చలేరు. తేదీని బట్టి, గర్భ పరీక్ష కిట్‌ని బట్టి తేలాల్సిందే.

అండం విడుదలయ్యాక, గర్భం నిలిచినా నిలవకపోయినా, ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. రొమ్ముల సలపరం, కడుపుబ్బరం, నీరసం, నడుము పట్టేయడం నెలసరి ముందూ వస్తాయి, నెల తప్పిన కొత్తలోనూ వస్తాయి. అందుకే రెంటికీ తేడా తెలియదు. గర్భం నిలిస్తే ఆ హార్మోను తగ్గదు, పైగా రిలాక్సిన్ అనే ఇంకో హార్మోను తోడై కటి కీళ్లను పట్టి ఉంచే బంధనాలను వదులు చేస్తుంది. పేగులు మందగించి మలబద్ధకం వస్తే నడుము ఇంకాస్త బరువెక్కుతుంది. బిడ్డ బరువు వల్ల నొప్పి అని ఎవరైనా అంటే పట్టించుకోకు. దాదాపు 12 వారాల దాకా గర్భసంచి కటి ఎముకల మధ్యలోనే ఉంటుంది, మోయడానికి బరువెక్కడిది!

ఈ నొప్పి పిరుదులకు కాస్త పైన, అడ్డంగా, మొద్దుగా ఉంటుంది. అలా కాక పక్కటెముకల కింద ఒకవైపే పోటు వస్తూ, చలిజ్వరం, మూత్రంలో మంట ఉంటే అది కిడ్నీకి పాకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి. గర్భం ఉంటే మరీ ఆలస్యం చేయకూడదు.

ఇక పరీక్ష. పిండం గర్భసంచికి అతుక్కునేది అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్య. కిట్ పట్టుకునే హెచ్‌సీజీ హార్మోను ఆ తర్వాతే మొదలై, తొలి వారాల్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. తొందరపడి ముందే చూస్తే ఒక్క గీతే వస్తుంది, అనవసరంగా దిగులు. నెలసరి రావాల్సిన రోజు దాటాక చూడు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రమే వాడు. రాత్రి నిద్రపోయే ముందు చెంబెడు నీళ్లు తాగితే అది పలచనవుతుంది. ఎన్ని చుక్కలు వేయాలో, ఎన్ని నిమిషాలు ఆగాలో కిట్ మీద ఉంటుంది, అలాగే చెయ్యి. సాధారణంగా 3 నుంచి 5 నిమిషాలు. 'సీ' దగ్గర గీత రాకపోతే ఆ కిట్ చెల్లదు, ఇంకోటి వాడాలి. 'టీ' దగ్గర సమయంలోపు లేత రంగు గీత పడినా ఉన్నట్టే. గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే కనిపించే బూడిదరంగు చార మాత్రం లెక్కలోకి రాదు, అది ఎండిన మరక. 'టీ' గీత రాలేదు, నెలసరీ రాలేదంటే మూడు రోజులాగి మళ్లీ చూడు. వారం దాటినా అంతే అయితే రక్తపరీక్ష చేయించుకో.

తేలేదాకా గర్భం ఉందనుకునే మసలుకో. నడుము నొప్పికి చాలామంది చేతికందిన ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మింగేస్తారు, అవి వద్దు. తట్టుకోలేకపోతే డాక్టరునడిగి పారాసిటమాల్ వేసుకో. ఎక్స్‌రే తీయబోతే నెల తప్పిందని ముందే చెప్పు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు, గర్భం లేకపోయినా నష్టం లేదు.

ఉపశమనానికి, వేడినీళ్ల సంచిని గుడ్డలో చుట్టి నడుముకి మాత్రమే 10, 15 నిమిషాలు పెట్టు. ఒళ్లంతా కాగే వేడినీళ్ల తొట్టి స్నానం వద్దు. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకో. లేచేటప్పుడు చేతుల ఆసరాతో పక్కకు ఒరిగి లే, ఒక్క ఉదుటున లేస్తేనే నడుము పట్టేస్తుంది. నేలమీద వస్తువు ఎత్తాలంటే మోకాళ్లు వంచు, నడుము కాదు. అరగంటకోసారి కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వెయ్యి. గట్టిగా మర్దన చేయించుకోవడం ఇప్పుడు వద్దు.

ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో కూర్చుని చూద్దాంలే అనుకోకు. పొత్తికడుపులో ఒకవైపు పదునైన నొప్పి, భుజం కొన దగ్గర నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనిపించడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లు. గర్భం సంచిలో కాక ట్యూబులో నిలిస్తే ఇలా అవుతుంది. అప్పుడు కూడా కిట్‌లో రెండు గీతలే పడతాయి, కాబట్టి గీతలు చూసి ధైర్యం తెచ్చుకోకు. నడుము నొప్పి అలలు అలలుగా వస్తూ రక్తస్రావం అవుతున్నా ఆగకూడదు. కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం పట్టు తప్పితే అది వెన్నెముక నరాల సమస్య కావచ్చు, అదీ అత్యవసరమే.

రెండు గీతలు పడి, నొప్పి మామూలుగానే ఉంటే తీరిగ్గా డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకో. వెళ్లేటప్పుడు చివరి నెలసరి మొదలైన తేదీ, వేసుకున్న మాత్రల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లు. మొదట అడిగేవి అవే.

నీ పెద్దమ్మ