గలాపగోస్‌కి జూలై వద్దండి, ఏప్రిల్‌కి మార్చుకోండి

కళింగపట్నంలో పడవెక్కితేనే నాన్నగారికి వాంతులయ్యాయి, జూలైలో గలాపగోస్ (దక్షిణ అమెరికాకి పడమరగా పసిఫిక్ సముద్రంలో ఉన్న ఎక్వడార్ దీవులు) చిన్న షిప్పులో ఎలా అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, నెల మార్చండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ గాలులెక్కువ, షిప్పు బాగా ఊగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది. కేబిన్ కింది అంతస్తులో, షిప్పు మధ్యలో అడగండి. దీవి నుంచి దీవికి ఎక్కువగా రాత్రిళ్లే నడుపుతారు కాబట్టి, డాక్టర్ని అడిగి వాంతుల మాత్ర బయల్దేరే ముందే వేయించండి.

షిప్పు మాత్రం చిన్నదే తీసుకోండి, ఒక్కో గైడుకి 16 మందికి మించకూడదని అక్కడి రూలు, 16 మంది షిప్పయితే అందరూ ఒకేసారి దీవిలో దిగిపోవచ్చు. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొంగల్ని చెట్ల మీద దూరంగా చూస్తాం కదా, ఫెర్నాండినా దీవిలో నల్లటి లావా రాళ్ల మీద మన ఉడుముల్లాంటి సముద్రపు ఇగ్వానాలు దారిలోనే పడుకుని ముక్కులోంచి ఉప్పునీళ్లు చిమ్ముతుంటాయి, 2 మీటర్ల దూరం మనమే పాటించాలి.