కిర్గిజ్‌ల తైగన్ వేటకుక్కను హైదరాబాద్ ఫ్లాట్‌లో పెంచుకోవచ్చా?

వద్దండి. అంత ఇష్టమైతే ఫ్లాట్ అమ్మేసి తియాన్‌షాన్ కొండల్లో ఓ గుర్రం కొనుక్కోండి.

నేను కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివాను. "ఇక్కడ సీటు రాలేదా?" అని అడిగేవాళ్లకు ఇంకో రోజు జవాబిస్తాను. ఒకసారి సెలవుల్లో మా బ్యాచ్ ఇస్సిక్ కుల్ సరస్సుకు వెళ్లింది. దక్షిణపు ఒడ్డున బొకొన్‌బాయెవో అనే ఊరు గద్దలతో వేటాడేవాళ్లకు పేరుపడింది. అక్కడో పెద్దాయన గుర్రం వెనక నక్కతోలు ఈడ్పించి, దాని మీదికి గద్దను వదిలి టూరిస్టులకు చూపిస్తున్నాడు. పక్కనే తైగన్ పడుకుని ఉంది. డొక్కలు తేలి ఉన్నాయి, చెవుల నిండా పొడుగాటి వెంట్రుకలు, తోక చివర రింగు. మా రూమ్మేట్ "పాపం, తిండి పెట్టట్లేదురా" అన్నాడు.

అంతలో ఎదుటి వాలు మీద నిజం కుందేలే లేచింది. తైగన్ వాసన పట్టలేదు, మొరగలేదు. తలెత్తి చూసింది, మరుక్షణం అక్కడ లేదు. సరస్సే 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది, నాలుగడుగులకే మాకు ఆయాసం. అది రాళ్ల మీద ఎగువకు ఉరుకుతోంది! పెద్దాయన పిలవలేదు, ఈల వేయలేదు. షో ఆపేసి చూస్తూ నిలబడ్డాడు. డబ్బు కట్టినవాళ్లు గొణుక్కుంటున్నా పట్టించుకోలేదు. కుందేలు రాళ్ల సందులో దూరి తప్పించుకుంది. కుక్క తీరిగ్గా వచ్చి మళ్లీ పడుకుంది, ఎవరూ కసరలేదు.

ఈ జాతి గొప్పతనమంతా అదే. మనవాళ్లకేమో కుక్కంటే "సిట్" అనగానే కూర్చోవాలి. మందలతో కొండ పచ్చికలకు తిరిగే జనానికి నక్కను, తోడేలును తనంతట తానే చూసి తరిమేది కావాలి. వాళ్ల మానస్ ఇతిహాసంలో కుమాయిక్ అనే వేటకుక్క ఉంది. అది రాబందు గుడ్డులోంచి పుట్టిందని కథలు కూడా చెప్పుకుంటారు. సోవియట్ కాలంలో ఆ సంచార జనాన్ని ఊళ్లలో కుదేశాక తైగన్‌లూ తగ్గిపోయాయి. 2014లో మొదలైన ప్రపంచ సంచారజాతుల క్రీడల్లో తైగన్‌ల పరుగు పందేల వల్ల కాస్త పేరొచ్చింది కానీ, పందేలతో ఈ జాతి నిలబడుతుందంటే నేను నమ్మను. చదును నేల మీద గెలిచినదాని పిల్లల్నే అందరూ కొంటూ పోతే కొండెక్కే కుక్క ఎక్కడ మిగులుతుంది?

ఈమధ్య ఒకాయన "తైగన్ పిల్ల, ఇంపోర్టెడ్" అంటూ నాకు ఫొటో పంపాడు. చూస్తే ఆఫ్ఘన్ హౌండ్. అసలుదే దొరికినా, మంచుకోసం పెరిగిన ఆ బొచ్చుతో మన మే నెల ఎండలో ఏసీ గదిలోనే పడి ఉంటుంది. బయట కుందేలును తరిమితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు మీకే. మన లంబాడీలతో తిరిగిన బంజారా హౌండ్ గురించి మాత్రం ఒక్కరూ అడగరు!