చెన్నై ఎండకు తట్టుకునే పూలపొద కావాలంటే తంగేడు వేయండి

చెన్నైలోని మడిపాక్కంలో ఇంటి ముందు కాస్త జాగా ఉంది, వేసవిలో మొక్కలకు పోయడానికి నీళ్లుండవు, అయినా పూలు పూయాలి, తేనెటీగలూ సీతాకోకచిలుకలూ రావాలి అని అడిగారు కదా. తంగేడు వేయండి. మన బతుకమ్మలో గునుగు పక్కన పేర్చే తంగేడే. ఇక్కడివాళ్లు ఆవారం అంటారు, పొంగల్ ముందు వేపాకుతోనూ కొండపిండి పూలతోనూ కలిపి ఇంటి చూరుకు కడతారు. నర్సరీలో పసుపు పూల పొద అంటే టెకోమా చేతిలో పెడతారు, అది అమెరికా ఖండాల మొక్క. తీసుకోకండి.

2019 వేసవిలో ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయి, మేం ట్యాంకర్ కోసం బిందెలతో ఎదురుచూస్తున్న రోజుల్లో మా పెరట్లో మందారాలు మాడిపోయాయి. తంగేడుకు చుక్క నీళ్లు పోయకపోయినా పూసింది. దాని తల్లివేరు అంత లోతుకు దిగుతుంది.

పూలకు ఎవరు వస్తారో చెప్పాలి, నాకు ఈ మొక్క మీద ప్రేమ కలిగింది అక్కడే. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రాల్లోంచి మాత్రమే బయటికి వస్తుంది. పొద్దున్నే పొద దగ్గర నిలబడి చూడండి. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో వాటేసుకుంటుంది, రెక్కలు ఆడించడం ఆపి ఒళ్లంతా అదురుతూ ‘జుమ్‌’మంటుంది. ఎగిరేటప్పటి మోత కంటే ఇది సన్నగా, తీవ్రంగా వినిపిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి దాని పొట్ట మీదికి చిమ్ముతుంది. తేనెటీగకు ఆ విద్య లేదు, రాలిన పొడి ఏరుకోవడానికి వస్తుంది. కాబట్టి తేనెటీగలు తక్కువగా కనిపిస్తే మొక్కలో లోపమనుకోకండి.

సీతాకోకచిలుకలు ఆకు కోసం వస్తాయి. లేత పసుపు, తెలుపు రెక్కలవి చిగుళ్ల మీద గుడ్లు పెడతాయి. ఆకుపచ్చ గొంగళిపురుగులు ఒక్కోసారి కొమ్మను మోడు చేసేస్తాయి. దయచేసి మందు కొట్టకండి, వేపనూనె కూడా వద్దు. మళ్లీ చిగురు వేస్తుంది.

పెంచడం సులువే. ఎండిన చదును కాయల్లోంచి గింజలు తీసుకోండి. పెంకు గట్టిది కాబట్టి కాగిన నీళ్లు దించి వాటి మీద పోసి రాత్రంతా నాననివ్వండి. కుండీలో మొలిపించి తర్వాత మార్చడం కంటే నేలలోనే నాటేయడం మేలు, తల్లివేరు కదిలితే మొక్క కోలుకోదు. మొదటి వేసవి మాత్రం అప్పుడప్పుడు తడపండి. ఎండలో దీనికి ఏ భయమూ లేదు. దీన్ని చంపేది తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల (అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా) వానకు వేరు దగ్గర నిలిచే నీరు. అందుకే కాస్త మట్టి ఎత్తు చేసి నాటండి, గింజ జూన్, జూలైల్లో పడితే పెద్ద వానలకు ముందే మొక్క నిలదొక్కుకుంటుంది. ఎరువు అక్కర్లేదు. పూత తగ్గాక కొసలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

ఇంకొకటి, వీలుంటే పెరట్లో ఎండిన వెదురు బొంగు గానీ, మోడు కొమ్మ గానీ ఒక మూల వదిలేయండి. తుమ్మెదలు గూడు కట్టుకునేది వాటిలోనే.