తెలుగులో సీజర్ కోడ్: గుణింతం జోలికి వెళ్లకండి

ఆరో తరగతి పాప ప్రాజెక్టు కోసం సీజర్ కోడ్‌ను (ప్రతి అక్షరాన్నీ వరసలో కొన్ని స్థానాలు జరిపి రాసే రహస్య లిపిని) తెలుగులో చేయబోతే మూడు అక్షరాలు జరిపేసరికి ఙ, ఞ లాంటివి వచ్చి, గుణింతాలు కలగాపులగం అయిపోతున్నాయన్నారు కదండీ. టెన్షన్ వద్దు.

జూలియస్ సీజర్ రాసింది లాటిన్‌లో. ఎ బదులు డి, ఇలా మూడేసి స్థానాలు జరిపేవాడని రోమన్ రచయిత సూటోనియస్ రాశాడు. మన లిపికి ఆ లెక్క అతకదు. అచ్చులు, గుణింతం గుర్తులు ఎక్కడివక్కడే ఉంచి, హల్లు ఒక్కటే పక్క వర్గంలోకి మార్చండి: క→చ→ట→త→ప, ప మళ్లీ క. ఖ, గ, ఘ వరసలకీ ఇదే పద్ధతి. న, మ ఒకదాని బదులు ఒకటి. ణ, య నుంచి ఱ దాకా ఉన్నవి కదపొద్దు. ఒత్తులకూ ఇదే రూలు.

ఇప్పుడు 'తాత' రాయమనండి, 'పాప' అవుతుంది! 'నాన్న' అయితే 'మామ్మ'. క్లాసులో ఇది చూపిస్తే చాలు, నవ్వులే నవ్వులు. విప్పేటప్పుడు వెనక్కి జరపాలి.

ఈ కోడ్ ఎంత బలహీనమో కూడా ఒక ముక్క రాయించండి. ఇంగ్లిష్‌లో 25 రకాలుగా జరిపి చూస్తే బయటపడిపోతుంది, మనదైతే నాలుగే. ఒక అక్షరం బదులు ఎప్పుడూ ఒకే వేరే అక్షరం వాడితే, ఏది ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టి గుట్టు విప్పొచ్చని 9వ శతాబ్దంలోనే బాగ్దాద్‌లో అరబ్ పండితుడు అల్ కిందీ రాశాడు. నన్నడిగితే ప్రాజెక్టులో అసలు మజా అదే, దానికో పేజీ ఇవ్వండి.