దగ్గితే చుక్కలు పడుతున్నాయి, ఎవరితో చెప్పను?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 66 ఏళ్లు. ఏడాదిగా దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతోంది. బీపీకి మాత్ర వేసుకుంటాను. పొడి దగ్గు కూడా ఉంది. మా అబ్బాయి ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరు నా వైపు చూడకుండా అన్నీ వాణ్ణే అడిగారు. వాడి ముందు ఈ సంగతి చెప్పలేక నీరసం అన్నాను. "వయసు మీద పడింది కదా, మామూలే" అని పంపించేశారు. భయంతో నడక మానేశాను, నీళ్లు తగ్గించేశాను. సంగీతం క్లాసులో చేరతానంటే కోడలు "ఈ వయసులో ఎందుకత్తయ్యా" అంది. నిజమేనేమో అనిపించింది.

జవాబు: అమ్మా, ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నాకిప్పుడు 71. ప్రాక్టీసులో ఉన్న రోజుల్లో "వయసు కదమ్మా" అని నేనూ ఎంతమందిని పంపించేశానో లెక్క లేదు. రెండేళ్ల క్రితం తల తిరుగుతోందని వెళ్తే, నా సగం వయసు లేని డాక్టరు నాతో అదే మాట అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆ మాట తర్వాత ఇంకేమీ అడగరని! రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1969లోనే ఈ ధోరణికి 'ఏజిజం' అని పేరు పెట్టాడు. నేను మాత్రం నా తల తిరిగేదాకా ఆగాను.

ఇక మీ సంగతి. పొడి దగ్గు గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు, నాకు అక్కడే అనుమానం. కొన్ని బీపీ మాత్రలు, ముఖ్యంగా మందు పేరు చివర 'ప్రిల్' అని వచ్చేవి, కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి. దగ్గిన ప్రతిసారీ పొత్తికడుపు మీద ఒత్తిడి పడి చుక్కలు పడతాయి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. పేరు చూపించి, వేరేది మార్చవచ్చేమో అడగండి.

కాన్పులు, మెనోపాజ్ తర్వాత మూత్రసంచికి కింద ఆసరాగా ఉండే కండరాలు బలహీనపడతాయి. మళ్లీ బిగించుకోవచ్చు. గ్యాస్ బయటికి పోకుండా ఎలా బిగబడతామో అలా బిగించి, మీకు వీలైనన్ని సెకన్లు, మెల్లగా పదిదాకా పెంచుకుంటూ, పట్టి వదలండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి. పూటకు ఎనిమిది సార్లు, రోజుకు మూడు పూటలు. కూర్చుని టీవీ చూస్తూ చేసినా ఎవరికీ తెలియదు. వారంలో ఫలితం కనబడలేదని మానేస్తారు చాలామంది. కనీసం మూడు నెలలు చేయాలి. సరిగ్గా బిగిస్తున్నారో లేదో ఫిజియోథెరపిస్టు చూసి చెప్పగలరు. మలబద్ధకం ఉంటే దానికీ మందు తీసుకోండి, ముక్కడం వల్ల ఈ కండరాలు ఇంకా సడలుతాయి.

నీళ్లు తగ్గించడం తప్పు. మూత్రం చిక్కబడితే మూత్రసంచిని ఇంకా రెచ్చగొడుతుంది. మంటగా ఉన్నా, రక్తం కనబడినా ఆలస్యం చేయకుండా వెళ్లండి. నడక మానేయడం అంతకన్నా నష్టం. మెనోపాజ్ తర్వాత ఎముకలు ఎలాగూ పలచబడతాయి, కాళ్లలో బలం కూడా తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువ. ప్యాడ్ పెట్టుకునైనా నడవండి.

ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు "నువ్వు బయట కూర్చో నాన్నా" అని అబ్బాయికి చెప్పండి. డాక్టరు మళ్లీ వయసు మాట ఎత్తితే, "నాకు 40 ఏళ్లే అనుకోండి, ఏం పరీక్షలు రాస్తారు?" అని అడగండి. కోపంగా కాదు, మామూలుగానే.

కోడలి మాట కన్నా, నిజమేనేమో అని మీకు అనిపించడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. అమెరికాలో 50 దాటిన 660 మందిని ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. తమ ముసలితనం గురించి మంచిగా అనుకున్నవాళ్లు మిగతావాళ్లకన్నా సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారట. అలా అనుకుంటే చాలు ఆయుష్షు పెరుగుతుందని నేననను. కానీ "నాకెందుకులే" అనుకున్నవాళ్లు మందూ మానేస్తారు, నడకా మానేస్తారు. అది నేను కళ్లారా చూశాను.

క్లాసులో చేరండి. గొంతెత్తి పాడేటప్పుడు మొదట్లో కాస్త ఇబ్బంది ఉండవచ్చు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి కూర్చోండి, తలుపు దగ్గరి కుర్చీ మీదిగా పెట్టుకోండి.