సంతకం పెట్టిన చెయ్యి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ బెల్‌గ్రేడ్ కథ రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, కళ్లు మునుపటిలా లేవు. 1941లో సెర్బియాని ఆక్రమించిన జర్మన్లు ఆగస్టు చివర అక్కడ గద్దెనెక్కించిన మిలాన్ నెదిచ్ ప్రభుత్వంలో ఒక అధికారి చుట్టూ కథ నడిపావు. బాగుంది. కానీ మొదటి పేజీ నుంచే వాడు బూట్లు టకటకలాడిస్తూ, మీసం దువ్వుతూ నవ్వుతుంటే నాకు పాత సినిమా విలన్ గుర్తొచ్చాడు. ద్రోహి అని ముందే మెడలో బోర్డు కట్టేశాక, చదివేవాళ్లు కొత్తగా తెలుసుకునేదేముంది?

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే కథంతా ఉంది. నెదిచ్ రావడానికి పక్షం రోజుల ముందు పత్రికలో 'సెర్బ్ ప్రజలకు విజ్ఞప్తి' ఒకటి వచ్చింది. తిరగబడిన కమ్యూనిస్టులను అణచడానికి తోడ్పడండి అని దాని సారాంశం. కింద 400 మందికి పైగా పేర్లు. ప్రొఫెసర్లు, రచయితలు, మతగురువులు. ఆ కాగితం ఒక ఇంటికి వచ్చిన సాయంత్రాన్ని రాయి. కలం మూత తీశాక భార్య ముఖం వైపు చూశాడా, లేదా?

తర్వాత నోబెల్ అందుకున్న నవలాకారుడు ఇవో ఆండ్రిచ్ సంతకం పెట్టలేదు. ఆక్రమణ ఉన్నన్నాళ్లూ తన రచనలు అచ్చు కానివ్వకుండా, బెల్‌గ్రేడ్‌లో ఒక గదిలో కూర్చుని నవలలు రాసుకున్నాడు. అలాగని ఆయన్ని దేవుణ్ణి చేసెయ్యకు. అదే ఏడాది మార్చి 25న వియన్నాలో యుగోస్లావియా హిట్లర్ కూటమిలో చేరుతూ సంతకాలు చేస్తుంటే, బెర్లిన్‌లో రాయబారిగా ఉన్న ఆండ్రిచ్ కూడా అక్కడే ఉన్నాడు. మార్చికీ ఆగస్టుకీ మధ్య ఏప్రిల్ 6న బెల్‌గ్రేడ్ మీద జర్మన్ల బాంబులు పడ్డాయి, జాతీయ గ్రంథాలయం లక్షల పుస్తకాలతో సహా కాలిపోయింది.

ఇంకొకరు జాంకా స్తోకిచ్. జనాన్ని కడుపుబ్బ నవ్వించిన నటి, షుగర్ మనిషి. ఆక్రమణలోనూ వేదికెక్కింది, ఇన్సులిన్‌కి డబ్బు కావాలి మరి. 1945లో కోర్టు ఆమెకు ఎనిమిదేళ్లు 'జాతీయ గౌరవం', అంటే పౌర హక్కులు, లేకుండా చేసింది. 1947లో చనిపోయింది. 2009లో ఆ మచ్చ తుడిచేశారు. ఆమెను ఏమనాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నీ కథకు అలాంటి మనిషి కావాలి.

ఇక ప్రచారం సంగతి. నీ కథలో అది మైకుల్లో అరుస్తుంది. నిజానికి అది తపాలా బిళ్లగా ఇంటికొచ్చింది. సెర్బియాలోని క్రాగుయెవాట్స్ పట్నంలో, చుట్టుపక్కల ఊళ్లలో 1941 అక్టోబర్ 21తో ముగిసిన మూడు రోజుల్లో జర్మన్లు బడిపిల్లలతో సహా సుమారు 2,800 మందిని కాల్చిచంపారు. చచ్చిన ఒక్కో జర్మన్‌కి వందమంది అని లెక్క. మర్నాడే బెల్‌గ్రేడ్‌లో యూదులూ, ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం వాళ్లూ సకల కష్టాలకూ మూలమని చెప్పే ఎగ్జిబిషన్ తెరిచారు. జనవరిలో దాని పేరు మీద నాలుగు స్టాంపులు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టు చాలు, నీ వ్యాఖ్య అక్కర్లేదు. ఆ స్టాంపు నాలికతో తడిపి, ఊళ్లో ఉన్న చెల్లెలికి రాసిన ఉత్తరం మీద అంటించిన మనిషి ఉంటాడు కదా, వాణ్ణి పట్టుకో. 1942 వసంతంలో సావా నది అవతలి సాయ్‌మిష్టె శిబిరం నుంచి యూదు స్త్రీలనీ పిల్లలనీ విషవాయువు నింపిన వ్యాన్‌లో చంపుతూ, పాతిపెట్టడానికి ఊరి బయట యాయింట్సికి తీసుకెళ్లింది ఈ ఊరి వీధుల్లోంచే. అదే మనిషి ఆ రోజు పేవ్‌మెంట్ మీద ఉండొచ్చు.

అంకెల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకో. నువ్వు క్రాగుయెవాట్స్‌కి 7,000 అని రాశావు. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఒక వ్యాసంలో అదే రాసి, పాఠకుడొకాయన ఉత్తరంతో చీవాట్లు తిన్నాను. అది యుద్ధం తర్వాత యుగోస్లావియాలో చెలామణీ అయిన అంకె. 2,800 చాలవన్నట్టు మనమెందుకు కలపాలి? అవతలివాడికి ఆ ఒక్క తప్పు దొరికితే మొత్తం అబద్ధమనేస్తాడు. 1980ల చివర యుద్ధకాలపు శవాలను మళ్లీ లెక్కపెడుతూనే కదా యుగోస్లావియాని ముక్కలు చేసిన కొత్త యుద్ధానికి జనాన్ని సిద్ధం చేశారు! బెల్‌గ్రేడ్ 'పొలితికా' పత్రికలో అదంతా పాఠకుల ఉత్తరాల రూపంలో వచ్చేది. సంపాదకీయం కన్నా పక్కింటాయన ఉత్తరాన్ని జనం తొందరగా నమ్ముతారు.

నెదిచ్‌ని వెనకేసుకొచ్చేవాళ్లు, క్రొయేషియా వైపు నుంచి పారిపోయి వచ్చిన లక్షలమంది సెర్బులకు నీడ ఇచ్చాడంటారు. శరణార్థులు వచ్చిన మాట నిజం. ఆ మాట నీ అధికారి నోట పూర్తిగా అననివ్వు, మధ్యలో అడ్డుపడకు. అతని బల్ల మీద శరణార్థుల జాబితా, బెల్‌గ్రేడ్‌లోని బనీత్సా నిర్బంధ శిబిరం ఖైదీల జాబితా రెండూ ఉన్నాయని మాత్రం కనబడాలి. నెదిచ్ మీది మచ్చ తుడిచెయ్యడానికి బెల్‌గ్రేడ్ కోర్టు 2018లో ఒప్పుకోలేదు. చెత్నిక్‌లు, అంటే రాచరికం పక్షాన ఉన్న గెరిల్లాలు, వాళ్ల నాయకుడు ద్రాజా మిహైలోవిచ్ మీది మచ్చ మాత్రం 2015లో తుడిచేసింది. ఆ గొడవ నీ కథలోకి లాగకు, బరువు మోయలేదు.

బూట్ల చప్పుడు నాలుగు చోట్ల పెన్సిల్‌తో కొట్టేశాను. మిగతా మార్పులు నీ ఇష్టం. ఆ సంతకం సాయంత్రం రాశాక మాత్రం ముందు నాకు పంపు, ఎంత గజిబిజిగా ఉన్నా సరే. ఫోన్‌లో కాదు, కాగితం మీద.